హంసగతి

నడినెత్తిని నిలిచిన నిదాఘభానుడు పులిగొండ దుర్గప్రాకారముల నల్లరాళ్లను కాగిన పెనమువలె చేయుచుండ వేపచెట్ల నీడలు మొదళ్లలోనికి ముడుచుకొనిపోవ పక్షులు సయితము నోళ్లు తెరచి కొమ్మలలో కదలక కూర్చుండిన యా గ్రీష్మమధ్యాహ్నమున, కోటలోని యారోగ్యశాల నడిమి సాలలో దొరకొడుకు సూరమనాయని తొడనుండి వెడలిన నెత్తురు పరుండబెట్టిన బల్లను ముంచి నేలపైకి ధారగట్టెను. శల్యవైద్యుడు బాచన రెండు చేతులతో గాయము నదిమి కట్టుగుడ్డ లడిగెను. కట్టు పడెను. నెత్తురు నిలిచెను. అది నిలిచినది కట్టువలన కాదనియు లోపల పారుటకు మరి నెత్తురు లేకపోవుటవలననియు నతడా యువకుని తెల్లబారిన పెదవులు చూచి గ్రహించెను.

ఉదయమున వేటలో తోడివాని గురితప్పిన యమ్ము తగిలి ములికి యెముకయొద్ద విరిగి నిలిచినది. చిన్న గాయమే. నొప్పి తెలియకుండుటకు కల్లు త్రాగి బల్లపై పరుండిన సూరమనాయడు తన కాళ్లు పట్టుకొన్న మంత్రసాని మైలసానిని చూచి నవ్వియుండెను. “అమ్మా, నన్నీ లోకములోనికి లాగినదానవు నీవే గదా. మరల జారిపోనీయక గట్టిగా పట్టుకొనుము.”

ఇప్పుడా కాళ్లు చల్లబడినవి.

బాచన తలయెత్తి రోగి మణికట్టు పట్టుకొని కూర్చున్న కాయవైద్యుడు త్రిలోచనభట్టు ముఖమును చూచెను. భట్టు మెల్లగా లేచి యుత్తరీయముతో కన్నులొత్తుకొని సాలలోని పరిచారకులందరు వినునట్లు పలికెను. “తమ్ముడా, నీ కత్తి తగినదానికంటె లోతు దిగినది.”

ఆ మాట దొర చెవి చేరుట కెంతయో సేపు పట్టలేదు.

ఆ యారోగ్యశాలకు తక్కిన దుర్గములలో లేని యాచారమొకటి గలదు. ఏ వైద్యుడును తన విద్యను తక్కినవారికి దాచరాదని దొర ఎర్రమనాయని తండ్రి శాసించియుండుటచేత కాయవైద్యుడు తక్కిన యిద్దరికిని నాడి చూచుట నేర్పెను. శల్యవైద్యుడు కుట్లు వేయుట నేర్పెను. రాణివాసపు కాన్పులన్నియు చేసి మాన్యములందిన గర్వముతో నెవ్వరికిని తలవంచని మైలసాని పారు నెత్తురు నదిమి యాపు నేర్పును వారికి చూపెను. కోత జరుగువేళ కత్తి పట్టినవాడు తలయెత్తరాదు. మణికట్టు పట్టినవాడు నాడి నడకను బిగ్గరగా చెప్పుచుండవలెను. నెమ్మదిగా సాగిన హంసగతి, గంతులిడిన మండూకగతి, సన్నగిలి జారిన సర్పగతి. సర్పగతి యన్న మాట వినబడినంతనే కోత యాపి కట్టు గట్టి మిగిలిన పని మరునాటికి విడువవలెను. ఈ పద్ధతివలన ఆ బల్లమీదనుండి బ్రతికి లేచినవారు పులిగొండ వీధులలో నెందరో తిరుగుచుండిరి.

ఆనాడు బాచన చెవిని పడిన గతి యొక్కటియే. హంసగతి. ములికి బయటికి వచ్చువరకు నదే మాట.

సంధ్యకు ముందు కొలువుకూటమున దొర తీర్పు చెప్పెను. కొడుకును చంపిన చేయి ప్రొద్దు గ్రుంకులోపల మణికట్టువరకు తెగవలెను. తలారి మొద్దును తెచ్చి నడుమ నిలిపెను. కట్టిన చేతులతో నిలిచిన బాచనను చూడలేక పలువురు తలలు వంచిరి. ఏలయన ఆరోగ్యశాలాధిపత్యము బాచనకే కట్టబెట్టుటకు దొర ముందే నిశ్చయించియుండెననియు ఆ వార్త విని యతనిని మొట్టమొదట కౌగిలించుకొన్నది త్రిలోచనభట్టే యనియు వారెల్ల నెరుగుదురు.

చెప్పుకొనవలసినదేమైన గలదాయని ప్రధాని యడిగెను. బాచన తన కుడిచేతిని చూచుకొనెను. ఆ చేయి పోయిన పిమ్మట తాను బ్రతికియుండియు నేమియు కాడు. అయినను బదులిచ్చెను. “దేవరా, మా యన్నగారు భట్టుగారి నోట తప్పు రాదు. తప్పు నా చేతిదే కావలెను.”

భట్టు ముఖము త్రిప్పుకొనెను.

అంతలో వాకిట కావలివాండ్రను త్రోసికొని మైలసాని లోనికి వచ్చెను. సూరమనాయని నెత్తురు చీరెకుచ్చెళ్లపై నల్లగా నెండి యుండెను. ఆమె దొరకు మ్రొక్కలేదు. తాను రోగి కాళ్లు పట్టుకొని చీలమండ క్రింద వ్రేలుంచితిననియు కోత సగము కాకమునుపే యచట నాడి సన్నగిలి జారెననియు సరిగా నదే క్షణమున భట్టు హంసగతి యని పలికెననియు చెప్పెను.

“అప్పుడే యేల నోరు విప్పలేదు?” అని దొర గర్జించెను.

“విప్పితిని దేవరా. భట్టుగారూ, నాడి సరిగా నున్నదా యని యడిగితిని. ఇది కడుపులోని బిడ్డ కదలిక కాదమ్మా, మగవాని నాడి, మాకు వదలుమనిరి. సాలలో నందరు నవ్విరి. నేర్పినవాని గొంతు నమ్మి నా వ్రేలిని నేనే కాదంటిని. ఆ దోషము నాది. దానికి వేరే శిక్ష విధింపుడు. ఆ చేతిని మాత్రము కోయకుడు.”

బాచనకు జ్ఞప్తి వచ్చెను. ఆ పరిహాసమునకు కత్తి యాపక తానును నవ్వియుండెను.

భట్టు జాలిగా తలయాడించెను. పురుడు పోసినదాని దుఃఖమనియు దయదలచి నాలుగు మాటలు నేర్పినంతమాత్రమున నాడి యెవ్వరికిని వశము కాదనియు ఆమె వ్రేళ్లకు హంసకును సర్పమునకును భేదము తెలియదనియు నతడు మృదువుగా విన్నవించెను.

“తెలియునో తెలియదో యిప్పుడే చూడుడు,” అని మైలసాని దొర పాదములయొద్ద కూర్చుండెను. “దేవరవారి చేయి భట్టుగారికిండు. పాదము నాకిండు. కంఠము బాచనకిండు. ఎవరికి తోచినది వారు ప్రధానిగారి చెవిలో చెప్పుదము.”

ఎర్రమనాయడు చేయి చాచెను. బాచన కట్లు విప్పిరి. పుత్రశోకముతోను క్రోధముతోను కొట్టుకొనుచున్న యా వృద్ధుని నాడిపై మువ్వురి వ్రేళ్లును ఏకకాలమున నిలిచెను. మైలసాని చెప్పెను. బాచన చెప్పెను. త్రిలోచనభట్టు మాత్రము దొర మణికట్టు విడువక చాలసేపు కన్నులు మూసికొనియుండెను. అబద్ధమాడెనా తాను స్వయముగా నేర్పిన యిద్దరును తన్ను కాదందురు. గుండె యెట్లు కొట్టుకొనుచున్నదో దొరయు నెరుగును. నిజమాడెనా మైలసాని వ్రేళ్లు నిజమగును. చిన్నప్పటినుండి యబద్ధమెరుగని వ్రేళ్లు తనవి. ఆనాటి మధ్యాహ్నమున నొక్కమారే బొంకినవి. తుదకతడు వంగి ప్రధాని చెవిలో చెప్పెను.

ప్రధాని ప్రకటించెను. “మువ్వురిదియు నొక్కటే మాట. మండూకగతి, నడుమ నడుమ నొక గంతు తప్పుచున్నది.”

మైలసాని వ్రేళ్లు నాడి నెరుగునని భట్టు నోటనే తేలెను.

త్రిలోచనభట్టు దొర కంఠముమీదనుండి చేయి తీయుచున్న బాచన చెంతకు జరిగి పెదవులు కదలీ కదలక పలికెను. “నీకు నాడి నేర్పినవాడను నేను. నా పైని యాసనమున నీవు కూర్చుండగా నేను క్రింద నిలిచి చూడవలెనా? కొంచెము నెత్తురు పోయి పిల్లవాడు మూర్ఛిల్లిన చాలుననుకొంటిని. నీ పేరు చెడిన చాలుననుకొంటిని. అంతదూరము పోవునని తలచలేదు తమ్ముడా. విననట్లుండుము.”

“దానికి బలి దొరబిడ్డయా అన్నగారూ?” అని బాచన యంతకంటె మెల్లగా నడిగెను. భట్టు కన్నులలో పశ్చాత్తాపమునకై వెదకిన బాచనకు భయము మాత్రమే కనబడెను.

ఎర్రమనాయడు లేచి నిలిచెను. పడమటి గవాక్షమునుండి వచ్చిన యెర్రనియెండ తలారి మొద్దుపై పడుచుండెను. “బాచనా, నీ చేయి నీకు కావలెనన్న నీ నోట వినవలెను. నా కొడుకు ప్రాణము జారిపోవుచుండగా నెమ్మదిగా నున్నదని నీకు చెప్పినదెవ్వరు?”

పరుని గొంతు నమ్మి తన కన్ను మూసికొనుటయే యా శాల బలము. ఆ బలమునే యాయుధముగా పట్టినవాడు బల్లమీది యొక్కనిని కాక దానిచుట్టు నిలిచినవారినెల్ల కూల్చినవాడు. ఇకమీద పులిగొండలో నే కత్తియు తలవంచుకొని నిర్భయముగా కదలబోదని బాచన యెరిగెను. తన చేయి నిలిచినను ఆ చేతికి మరి యే గొంతును తోడురాదని యెరిగెను. ఎరిగియు నతడు భట్టు ముఖముమీదనుండి చూపు త్రిప్పక కూటమున నున్న ప్రతివాడును వినునట్లు పలికెను.

“త్రిలోచనభట్టు.”