వేలికొచ్చిన తెలివి

దశరథరామయ్య మాటను జగ్గయ్యపేటలో ఎవరూ నమ్మరు. నమ్మమని ఆయనా అడగడు. మునేటికి వరదొచ్చిన ఏడు తన ఎద్దు ఏట్లో పడి, ఈదుకుంటూ నందిగామలో తేలి, హోటల్లో నాలుగిడ్లీలు తిని, సాయంత్రం బస్సులో తిరిగొచ్చిందని డెబ్బయ్యారేళ్ల వయసులోనూ కళ్లార్పకుండా చెబుతాడు. కండక్టరు దానికి హాఫ్ టికెట్టే కొట్టాడట.

అలాంటి మనిషికి ఓ పొద్దున సతీష్‌బాబు కారు పంపాడు, సాక్షి సంతకం పెట్టి వెళ్లమని. బస్సులో నిలబడి తిరిగే తనకు ఏసీ కారంటే, ఎక్కేటప్పుడే దశరథరామయ్యకు అనుమానం పట్టుకుంది.

నందిగామలో మంచం పట్టినవాడు జగన్నాథరావు, దశరథరామయ్యకు చిన్నప్పటి స్నేహితుడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ముప్పయ్యేళ్లుగా వండిపెట్టి, ఇప్పుడు పక్కబట్టలు మారుస్తున్నది చెల్లెలు రాఘవమ్మ. ఈ ఇల్లు తప్ప ఆమెకు తల దాచుకునే చోటు లేదు. అన్న వీలునామా కాగితమేదీ రాయకుండా కన్నుమూస్తే ఇల్లు ఆమెదే. రాస్తే ఎవరి పేరు రాస్తే వాళ్లది. సతీష్‌బాబు జగన్నాథరావు తమ్ముడి కొడుకు, ఆ తమ్ముడూ పోయాడు.

గదిలో డెట్టాలు, అగరొత్తులు, ఉచ్చ కలిసిన వాసన. జగన్నాథరావు నోరు తెరుచుకుని పడున్నాడు. దుప్పటి మీద కుడిచేయి, ఆ చేతి బొటనవేలికి నీలం సిరా. పసిపిల్లలకు చుక్క పెట్టినట్టు ఎంత ముద్దుగా పూశారో!

"రండి బాబాయ్. వేలిముద్ర పడిపోయింది. ఇదిగో, మా బామ్మర్ది నవీన్‌బాబు కూడా సంతకం చేశాడు. మీదొక్కటే తక్కువ," అన్నాడు సతీష్‌బాబు, కాగితం, పెన్నూ అందిస్తూ.

దశరథరామయ్య కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాడు. "నేను పూర్తి తెలివితోను, ఎవరి బలవంతమూ లేకను... ఇల్లు సతీష్‌బాబుకు. బానే ఉంది. తెలివెప్పుడొచ్చిందిరా వీడికి?"

"పొద్దున్నే బాబాయ్. ఓ అరగంట."

గుమ్మంలో నిలబడ్డ రాఘవమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది. "నన్ను పాలకి పంపించారన్నయ్యా! వచ్చేసరికి వేలు ఇట్టా ఉంది. నాలుగు రోజుల్నించి కన్ను తెరవలా."

"నువ్వూరుకో అత్తా! నీకేం తెలుసు?"

"ఆమెకు తెలీదులే, నాకు తెలుసుకోవటం తెలుసు," అని దశరథరామయ్య మంచం మీద కూర్చుని, స్నేహితుడి చెవి దగ్గర మొదలెట్టాడు. "ఒరేయ్ జగ్గూ, నిన్న ఏం జరిగిందనుకున్నావ్? మా పెరట్లో దొండపాదు లేదూ, అది రాత్రికి రాత్రి పాకి గరికపాడు చెక్‌పోస్టు దాటింది. తెలంగాణ పోలీసులు ఆపి పర్మిట్ అడిగారు..."

అరవయ్యేళ్లుగా జగన్నాథరావు ఆయన కోతలను ఎన్నడూ పర్మిట్ దాకా రానివ్వలేదు. దొండపాదు దగ్గరే "ఛీ నోర్ముయ్, అబద్ధాలకోరు వెధవా" అనాలి. ఇవాళ దొండపాదు హైదరాబాదు దాకా పోయినా ఏమీ అనలేదు. పెదవి చివర్నించి చొంగ కారింది. దశరథరామయ్య పైపంచెతో తుడిచాడు.

"తెలివి లేదురా," అన్నాడు చివరికి. "ఉంటే నన్ను తిట్టేవాడు."

సతీష్‌బాబు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "బాబాయ్, మీరు జ్ఞానులు. లోకం చూసినవాళ్లు. మీ వివేకం నాకుందా? కాస్త తెలివిగా ఆలోచించండి. పెదనాన్నకి తెలివుందా లేదా అని ఎవడొచ్చి చూస్తాడు? అయినా మీరు చెప్పని అబద్ధమా, చెప్పండి!"

కాఫీ సగం తాగాక గ్లాసు అడుగున బల్లి కనిపించినట్టయింది దశరథరామయ్యకు. జ్ఞానం, వివేకం, తెలివి. పెద్దయ్యవారు బడిలో ఒక్కో మాటకు ఒక్కో బెత్తం దెబ్బ వేసి నేర్పారు. వాటన్నిటినీ వీడు ఒక్క ముద్దగా నమిలి తన మీద ఉమ్మాడు.

"చెప్పానురా, ఊరు పట్టనన్ని చెప్పా. నా అబద్ధం విని నవ్వనివాడు లేడు. దాంతో ఇల్లు పోయినవాడూ లేడు. నీకు తెలివంటే ఏంటో తెలుసా? వాడికి పోయింది చూడు, అది. నీకున్నదాన్ని ఏమంటారో మా అయ్యవారు చెప్పలేదు. పాపం, ఆయనకంత రోత మాట నోటికి రాలేదేమో. ఏదీ, పెన్నిటివ్వు."

సతీష్‌బాబు మొహం విప్పారింది. దశరథరామయ్య సాక్షి చోట వంకర టింకరగా, తీరిగ్గా రాశాడు: "ఈ వేలిముద్ర ఎవరు వేయించారో నేను చూడలేదు. నేను చూసేసరికి ఈయనకు తెలివి లేదు. నాకుంది." కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టి, కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"అదేంటి, ఇటివ్వండి! మీరు చెప్తే నమ్మేదెవరండీ?"

"అందుకే నోటితో చెప్పలేదు, రాశా. ఇందులో నీ బామ్మర్ది సంతకం కూడా ఉంది. రేపు ఇలాంటి కాగితం ఇంకోటి పుట్టిందనుకో, ఇది దాని పక్కనే కూర్చుంటుంది. కోర్టులో మీ ఇద్దర్నీ పలకరిస్తారు."

నవీన్‌బాబు బావ వంక చూశాడు. తర్వాత చెప్పులు వెతుక్కున్నాడు.

వాళ్ల కారు వీధి మలుపు తిరిగాక రాఘవమ్మ కొబ్బరినూనె తెచ్చింది. దశరథరామయ్య పైపంచె కొస తడిపి స్నేహితుడి బొటనవేలిని రుద్దసాగాడు. పంచె నీలమైంది. వేలు మాత్రం తెల్లబడలేదు. "ఛీ, ఛీ," అంటూ రుద్దుతూనే ఉన్నాడు.