తేలికపాటి మాట

చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె ఆడిస్తూనే నౌరోజ్ అలీ పెదవులు కదుపుతున్నాడు. హరాస్‌మెంట్. అబ్యూజ్. డిస్క్రిమినేషన్. పెర్సిక్యూషన్. పొద్దున్నే లేచి కొందరు దేవుడి పేర్లు తలుచుకుంటారు, ఇతను దౌర్జన్యాల పేర్లు తలుచుకుంటాడు.

"రాత్రి నిద్రలో కూడా ఇంగ్లిషేనయ్యా. నన్ను తిడుతున్నావో, ఎవరి కష్టం ఏకరువు పెడుతున్నావో తెలిసి చావలేదు" అంది మసూమా, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

"నిన్ను తిట్టాలంటే ఆ భాష చాలదులే" అన్నాడు భార్యతో. నవ్వు మాత్రం రాలేదు.

యాభైకి దగ్గరపడిన మనిషి. బక్కపలచని ఒళ్ళు, యుద్ధానికి కొండ లోయలు వదిలి వచ్చిన మా హజారా తెగవాళ్ళందరికీ ఉండే చదును మొహం, చిన్న కళ్ళు. ఎడమ బొటనవేలి మీద అడ్డంగా పాత గాటు. మెల్‌బోర్న్‌కు వచ్చిన కొత్తలో మాంసం ఫ్యాక్టరీలో ఎముకలు తీసేవాడు. అక్కడే కత్తి పెట్టిన గాటు అది. తర్వాత పరీక్ష రాసి దుబాసీ అయ్యాడు. మేముండే డాండెనాంగ్ పేటలో మా ముసలమ్మల మోకాళ్ళ నొప్పులు, కోడళ్ళ కాన్పులు, కుర్రాళ్ళ జరిమానాలు అన్నీ అతని నోటి మీదుగానే ఇంగ్లిష్‌లోకి వెళ్ళాయి. ఇంత చేసినా బజార్లో ఎవరూ అతన్ని గుర్తుపట్టి రెండో మాట మాట్లాడరు. గొట్టంలోంచి నీళ్ళు పట్టుకున్నవాడు గొట్టాన్ని పలకరిస్తాడా?

ఆ రోజు పని ట్రిబ్యునల్లో. ఆశ్రయం కోసం పెట్టుకున్న దరఖాస్తు ఒకసారి తిరస్కరించాక మనిషికి మిగిలే చివరి గడప అది. అక్కడ కూడా కాదంటే విమానం ఎక్కించడమే.

వెయిటింగ్ హాల్లో ఉన్న ముసలాయన నౌరోజ్‌ను చూడగానే లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. పేరు సఖీదాద్. మిల్దురా ద్రాక్షతోటల్లో పనిచేసి పగిలిన చేతులు.

"బాగున్నావా బచ్చా? మనవాడివే. ఎవరి బిడ్డవు, ఏ లోయ?"

పెద్దాయన చేతిని కళ్ళకద్దుకుని, వంశమంతా చెప్పి, ఆయన మోకాళ్ళ సంగతి కూడా అడగాలి. మాలో పద్ధతి అది. కానీ విచారణ బయట దుబాసీ కక్షిదారుతో మాట్లాడకూడదు. "లోపల మాట్లాడదాం కాకా" అని నౌరోజ్ గోడవైపు తిరిగాడు. అతని తల్లి బతికుంటే చెవి మెలేసేది.

విచారణాధికారిణి మిసెస్ కార్మొడీ. మెత్తటి గొంతు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. ఎవరినీ కసిరే మనిషి కాదు. అక్కడ ఊళ్ళో సాయుధులు సఖీదాద్ ఇంటికి వచ్చినప్పుడు ఏం జరిగిందని అడిగింది.

"జులుం చేశారు" అన్నాడు సఖీదాద్. "మామీద జులుం చేశారు. నా కొడుకు పోయాడు."

ఈ జులుం అనేది మాకు ఒకటే మాట. పంతులు చెంపదెబ్బ కొట్టినా అదే, ఊరు తగలబెట్టినా అదే. ఇంగ్లిష్‌లో ఒక్కో దెబ్బకూ ఒక్కో పేరు. నౌరోజ్ క్షణం కూడా ఆగలేదు. అన్‌ఫెయిర్ ట్రీట్‌మెంట్ అన్నాడు. మాతో అన్యాయంగా వ్యవహరించారు, మా అబ్బాయిని పోగొట్టుకున్నాం అన్నాడు.

అతనికది అలవాటైపోయింది. చాలా ఏళ్ళ కిందట ఒక విచారణలో అతని గొంతు జీరపోతే, దుబాసీ తనవాళ్ళ పక్షం వహిస్తున్నాడని, అతన్ని పనికి పంపే ఏజెన్సీకి ఫిర్యాదు వెళ్ళింది. పని పోబోయి ఆగింది. అప్పటినుంచి అన్ని మాటల్లోకీ తేలికైనది ఏరుకుంటున్నాడు. బరువైన మాట వాడితే తనవాడని వెనకేసుకొచ్చాడంటారు. తేలిక మాటను ఎవరూ తప్పుపట్టరు.

మిసెస్ కార్మొడీ ఆ మాట రాసుకుంది. ఇక ప్రతి ప్రశ్నలోనూ అదే వచ్చింది. ఆ అన్‌ఫెయిర్ ట్రీట్‌మెంట్‌కు ముందు, ఆ అన్‌ఫెయిర్ ట్రీట్‌మెంట్ తర్వాత. భోజనానికి లేచేముందు ఆమె సఖీదాద్ తరఫు లాయరమ్మాయితో అంది: "అన్యాయంగా చూడటం వేరు, పెర్సిక్యూషన్, పనిగట్టుకుని వెంటాడి హింసించడం, వేరు. మొదటిదానికి చట్టం ఆశ్రయం ఇవ్వదు. మీకు తెలుసుగా."

నౌరోజ్ వీధిలోకి వచ్చాడు. మసూమా కట్టిచ్చిన బొలానీ రొట్టె పొట్లం విప్పి, మళ్ళీ కట్టేశాడు. ట్రామ్ స్టాప్ దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ నడిచాడు. కాళ్ళు ఆగడం లేదు. ఇన్నేళ్ళలో ఎంతమందిని తేలిక చేసి పంపాను? వాళ్ళలో ఎవరు ఇక్కడున్నారు, ఎవరు లేరు? ఈ దేశంలో ఆశ్రయం కోరి, ఎడారి మధ్య శిబిరంలో తన విచారణ వంతు వచ్చినప్పుడు తనూ జులుం అనే అన్నాడు. పక్కన ఒక ఇరానీ దుబాసీ ఉన్నాడు. ఆయన దాన్ని ఇంగ్లిష్‌లో ఏమన్నాడో నౌరోజ్‌కు ఇప్పటికీ తెలియదు. వీసా మాత్రం వచ్చింది. అంటే ఆయన తేలికది ఏరుకోలేదు. ఫోన్ తీశాడు.

"తిన్నావా?" అంది మసూమా.

"లేదు. ఒక మాట తేలిగ్గా చెప్పేశాను."

"అయితే సరిగ్గా చెప్పు."

"ఇప్పుడు దిద్దుకుంటే తప్పు చేశానని నేనే ఒప్పుకున్నట్టు. ఇక ఇటువైపు పిలవరు."

"పిలవకపోతే మానె. మాంసం కోసిన చేతులేగా, మళ్ళీ కోస్తాయి. రొట్టె తిను ముందు."

తిరిగి కూర్చోగానే నౌరోజ్ చెయ్యెత్తాడు. తన అనువాదంలో ఒక సవరణ ఉందన్నాడు. పొద్దున తాను వాడిన మాట సరిపోదన్నాడు.

"మరి ఏది సరైనది?" మిసెస్ కార్మొడీ కళ్ళజోడు పెట్టుకుంది. "పెర్సిక్యూషనా?"

లాయరమ్మాయి కలం ఆగిపోయింది. ఔనంటే చాలు. నౌరోజ్‌కు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"తెలియదు మేడమ్. ఆయన అన్న మాటలో అన్యాయం నుంచి పెర్సిక్యూషన్ దాకా అన్నీ ఇముడుతాయి. నేను అన్నిట్లోకీ తేలికది ఏరుకున్నాను. ఏం చేశారో ఆయన్నే అడగండి."

"ఇది రికార్డులోకి వెళ్తుంది. మీ ఏజెన్సీకి కూడా."

"తెలుసు."

ఆమె ముసలాయన వైపు తిరిగి అడిగింది. నౌరోజ్ దాన్ని మా భాషలో చెప్పాడు. "కాకా, వాళ్ళు ఏమేం చేశారో విడమర్చి చెప్పమంటున్నారు."

"చెప్పానుగా. జులుం చేశారు."

"ఆ మాట చాలదట కాకా."

సఖీదాద్ అతన్ని చూశాడు. పొద్దున హాల్లో చూసిన చూపు కాదు.

"నీక్కూడా చాలదా?"

వినిపించిన ప్రతిదీ అనువదించాలి, నియమం అది. నౌరోజ్ అధికారిణి వైపు తిరిగి, "నీక్కూడా చాలదా అని నన్ను అడుగుతున్నారు" అని ఇంగ్లిష్‌లో చెప్పాడు. చెవులు కాలిపోతున్నాయి.

ముసలాయన తల మీది టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దవాళ్ళు నలుగురిలో వట్టి తలతో కూర్చోరు మాలో. తర్వాత చేతులు చూసుకుంటూ చెప్పాడు.

"వాళ్ళకి కావలసింది నా కొడుకు. వాడు గడ్డివాములో దాక్కున్నాడు. వాళ్ళకి తెలీదు. నన్ను తుపాకీ మడమతో కొట్టారు. వాణ్ణి పిలవమన్నారు. పిలవనన్నాను. మళ్ళీ కొట్టారు. పిలిచాను. వాళ్ళు వెళ్ళిపోయారనుకుని, నా గొంతు విని దిగొచ్చాడు. వాడి తల్లికి ఇంతవరకూ చెప్పలేదు."

సాక్ష్యాన్ని అనువదించేటప్పుడు దుబాసీ "ఆయన" అనకూడదు, "నేను" అనాలి. నేను పిలిచాను, అన్నాడు నౌరోజ్. నా గొంతు విని దిగొచ్చాడు, అన్నాడు. వాడి తల్లికి చెప్పలేదు, అన్నాడు. ఈసారి దేన్నీ ఏరుకోలేదు. గొంతు జీరపోకుండా చూసుకున్నాడు గానీ, బల్ల కింద పాత గాటు మీద గోరు గుచ్చుకుంటూనే ఉంది.

మిసెస్ కార్మొడీ చాలాసేపు రాసింది. తీర్పు పోస్టులో వస్తుందని మెల్లగా చెప్పింది. కేసు నిలబడుతుందని లాయరమ్మాయి మొహమే చెబుతోంది.

సఖీదాద్ ఎవరి వంకా చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. నియమం మాట మర్చిపోయి నౌరోజ్ వెనకే వెళ్ళాడు. ముసలాయన లిఫ్ట్ ముందు నిలబడి ఉన్నాడు.

"కాకా, ఇప్పుడు ఉండనిస్తారు. ఖాయం."

"ఉంటాను బచ్చా" అన్నాడు ఆయన, తలుపు వైపే చూస్తూ. "ఎక్కడున్నా, వాణ్ణి నేను పిలిచిన మాట ఇప్పుడు బయట ఉంది."

తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. మిల్దురా బస్సు సాయంత్రం ఉంది, రేపు మళ్ళీ ద్రాక్షతోట. నౌరోజ్ తన సంచీ కోసం గదిలోకి తిరిగొచ్చాడు. దీపాలు సగం ఆర్పేశారు. బల్ల మీద, తాగని నీళ్ళ గ్లాసు పక్కన, ఎవరో ఇల్లాలు సన్నని రంగుదారాలతో కుట్టిన టోపీ వెల్లకిలా పడి ఉంది, లోపలి అంచున చెమట ఇంకా ఆరలేదు.