వెనక్కి తిరిగిన ట్రాక్టర్లు

మా దేశంలో గోధుమ దక్షిణాన ముందు పండుతుంది. మా ఊరి చేలు ఇంకా పచ్చగా ఊగుతుండగానే పసుపునది అవతల, జుమాద్యన్ వైపు కోతలు మొదలవుతాయి. అందుకని మే నెల ఇరవై దాటేసరికి మా ఆయన చింగ్‌కుయ్ ట్రాక్టరుకి ముందువైపు కోతమిషన్ బిగించేవాడు. నేను మడ్‌గార్డు మీద పాత బొంత మడిచి తాడుతో కట్టుకుని దాని మీద కూర్చునేదాన్ని. మా అమ్మాయి ఛున్‌యాన్‌ని అత్తగారి దగ్గర వదిలేవాళ్ళం. బయల్దేరేటప్పుడు అది గేటు దాకా వచ్చి ఏడవకుండా నిలబడేది. ఏడ్చినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

గంటకి ఇరవై కిలోమీటర్ల చొప్పున మూడు రోజులు దక్షిణానికి పోయేవాళ్ళం. అక్కణ్ణించి ఊరూరా ఆగి కోసుకుంటూ, పండిన చేల వెంటే ఇంటి ముఖం పట్టేవాళ్ళం. చేలు పండుతూ ఉత్తరానికి వచ్చే వేగమూ మేము కోసుకుంటూ వచ్చే వేగమూ ఇంచుమించు ఒకటే. మేము మా ఊరు చేరేసరికి మా చేను కోతకి వచ్చేది.

నేను బడికి పోలేదు. నాకు వచ్చిన అక్షరాల్లో సగం ఆ పెద్దరోడ్డు పక్కన బోర్డుల మీదివే. ఇరవై కిలోమీటర్ల వేగంలో బోర్డు దూరాన కనబడి, దగ్గరికి వచ్చి, పక్కనించి పోయేలోపు దాన్ని మూడుసార్లు చదువుకోవచ్చు. మొదటి ఏడు ఆయన ఒక్కో ఊరి పేరూ ఒక్కోసారి చెప్పాడు. రెండో ఏడు నేనే చదివి ఆయనకి చెప్పాను. ఆ రెండో ఏడే షింగ్‌తాయ్ దగ్గర ఒక డీజిల్ బంకులో గైలియన్ కలిసింది.

వాళ్ళదీ మాలాంటి ట్రాక్టరే, మాలాంటి మిషనే. ఆమె మొగుడు బావ్‌తియన్ గలగలా మాట్లాడే మనిషి. గైలియన్ నాకంటే మూడేళ్ళు చిన్నది, పళ్ళన్నీ కనిపించేలా నవ్వేది. అప్పటినించి మా రెండు బళ్ళూ ఒకదాని వెనక ఒకటి నడిచాయి. పగలు మగవాళ్ళు కోస్తుంటే మేము గోతాలు పట్టేవాళ్ళం, ఇటుకలు పేర్చి వంట చేసేవాళ్ళం. ఆమెకి ఒక్క అక్షరమూ రాదు. బండి ఆగిన చోటల్లా నేను బోర్డు చదివితే ఆమె ఆ ఊరి పేరుకి ఏదో ఒక వెక్కిరింత కట్టేది. ఏడాదిలో ఇరవై అయిదు రోజులు అలా గడిచేవి. తక్కిన పదకొండు నెలలూ ఆమె ఎక్కడుండేదో నాకు సరిగ్గా తెలియదు. నెయ్‌చ్యు దగ్గర పెద్దరోడ్డు దిగి లోపలికి పోవాలని మాత్రం తెలుసు. ఊళ్ళలో ఎవరింట్లోనూ ఫోన్లు లేవు. మే ఇరవై రెండున బంకు దగ్గర కలుస్తామని తెలుసు కాబట్టి అంతకంటే అడగాలని తోచలేదు.

నాలుగో ఏడు మేము బంకు దగ్గరికి వెళ్ళేసరికి బావ్‌తియన్ ఒక పొడుగాటి లారీ మాట్లాడి పెట్టాడు. రెండు ట్రాక్టర్లూ పడతాయన్నాడు. మూడు రోజుల దారి ఒక్క పగటితో అయిపోతుందనీ, టైర్లు అరగవనీ, అందరికంటే ముందు చేలల్లోకి దిగొచ్చనీ చెప్పాడు. ఆ ఏడు చాలామంది లారీలు ఎక్కుతున్నారు. మా ఆయన లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నా వంక చూశాడు.

"నాకు రెండూ ఒకటే. ఏమంటావు ఛున్‌యాన్ వాళ్ళమ్మా? నువ్వు లారీ అంటే లారీ, రోడ్డంటే రోడ్డు."

ఆయన ఏనాడూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాడు. ఆ రోజే ఎందుకు అడిగాడో ఇప్పటికీ తెలియదు. అంతకు ముందు ఏడు మా జిల్లాలో ఒక వంతెన మలుపులో లారీ మీద కట్టిన కోతమిషన్ తాడు తెగి పక్కకి ఒరగడం నేను కళ్ళారా చూశాను. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కానీ మనిషి కూర్చునే ఇనప సీటు వంతెన గోడకి కొట్టుకుని రేకులా మడతపడింది. అది చూసినప్పటినించి తాళ్ళన్నా, వాటి ముడులన్నా నాకు భయం. నేను "రోడ్డే పోదాం" అన్నాను. ఎందుకో చెప్పలేదు. భయమని చెబితే బావ్‌తియన్ కనబడినప్పుడల్లా వెక్కిరిస్తాడని సిగ్గుపడ్డాను.

గైలియన్ అక్కడే డబ్బాలో నీళ్ళు నింపుకుంటోంది. వినిందో లేదో నేను చూడలేదు.

లారీలోకి ట్రాక్టరు ఎక్కించాలంటే ఎత్తయిన దిబ్బ కావాలి. బంకు వెనక ఇటుకబట్టీ మట్టిదిబ్బ ఉంది. వాళ్ళ పని అక్కడ సాగుతుండగానే మేము బయల్దేరాం. జుమాద్యన్‌లో కలుద్దామని అనుకున్నాం. ఏ ఊళ్ళో, ఎవరి చేలో అని ఎవరూ అనుకోలేదు.

రెండు గంటల తర్వాత లారీ మమ్మల్ని దాటింది. మిషన్ ముందువైపు ఉంటుంది కాబట్టి ట్రాక్టరుని వెనక నడకన ఎక్కించి, మిషన్ని లారీ తోకకి బయటికి వదిలి కడతారు. అందుకని ట్రాక్టరు ముఖం వెనక్కి ఉంది. దాని సీట్లో గైలియన్ కూర్చుని ఉంది. దాటి పోతున్నంతసేపూ ఆమె ముఖం నా వైపే ఉంది. తల మీది తువ్వాలు తీసి ఊపింది. నేను ఊపాను. ముఖం చిన్నదై, తర్వాత తువ్వాలు మాత్రం కనిపించి, తర్వాత అదీ పోయింది. దూరమయ్యే మనిషి మన వైపు వీపు పెట్టుకుని పోతే తట్టుకోవచ్చు. అలా చూస్తూ పోతే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

జుమాద్యన్‌లో మూడు ఊళ్ళలో అడిగాను. పళ్ళన్నీ కనిపించేలా నవ్వే మనిషి ఒకామె వచ్చిందా అని. మూడో ఊళ్ళో ఒక ముసలాయన చెప్పాడు, వాళ్ళు నాలుగు రోజులు కోసి, ఆన్యాంగ్‌లో చేలు పండాయని ఎవరో చెబితే మళ్ళీ లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయారని. ఆన్యాంగ్ నాలుగువందల కిలోమీటర్లు. అక్కడ అంత తొందరగా ఎలా పండుతుందని మా ఆయన ముక్కు మీద వేలేసుకున్నాడు. జుమాద్యన్ చేరింది మొదలు ఆ పది రోజులూ నేను గోతాలు పడుతూనే పెద్దరోడ్డు వంక చూస్తుండేదాన్ని. పోయే ప్రతి లారీ మీదా ఎర్ర ట్రాక్టరే కనిపించేది. నేను "లారీ" అని ఒక్క మాట అనుంటే ఆమె నా పక్కనే ఉండేదన్న సంగతి పడుకున్నా లేచినా పోలేదు. ఈ ఏడు ఇక్కడ కలవకపోతే ఇంక కలవడం ఉండదని, ఎందుకో, గట్టిగా అనిపించింది.

పసుపునది వంతెన దాటి, కోసుకుంటూ కోసుకుంటూ ఆన్యాంగ్ పొలిమేరకి వచ్చాం. రోడ్డు పక్కన పోప్లార్ చెట్ల కింద ఒక ట్రాక్టరు ఆగి ఉంది. దాని నీడలో చాప మీద గైలియన్ వెల్లుల్లి వలుస్తోంది.

వాళ్ళు వచ్చి ఆరు రోజులయిందట. వచ్చేసరికి చేలు పచ్చగా ఉన్నాయి. లారీ వాడు దింపేసి వెళ్ళిపోయాడు. అప్పటినించీ రైతు రోజూ పొద్దున్నే వచ్చి ఒక కంకి నలిపి, గింజ కొరికి, పాలింకా ఇంకలేదని తల ఊపి వెళ్ళిపోతున్నాడు. బావ్‌తియన్ మమ్మల్ని చూసి లేచాడు.

"రా రా అన్నా. ఎద్దుబండి మీదొచ్చావా ఏంటి, ఇంతసేపు?"

"నువ్వు గుర్రం మీదొచ్చి చేసిందేంటిరా? చెట్టుకింద ఈగలు తోలుతున్నావు."

మర్నాడు గింజ గట్టిపడింది. మేమూ వాళ్ళూ ఒకే చేలో దిగాం. ముందు వచ్చిన వాళ్ళకీ మెల్లిగా వచ్చిన వాళ్ళకీ ఒకే రోజు పని మొదలైందని మగవాళ్ళిద్దరూ దెప్పుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం గైలియన్ నా వంక సరిగ్గా చూడటంలేదని తెలుస్తోంది. ఊరి బోర్డు చదివాను. దానికి ఆమె వెక్కిరింత కట్టలేదు. మధ్యాహ్నం గోతాల మీద కూర్చుని ఆవిరి రొట్టె తుంచుతూ ఆమే అంది.

"బంకు దగ్గర బావగారు నిన్నేగా అడిగింది. నువ్వేగా రోడ్డన్నావు. నాకు వినబడింది అక్కా."

నేను వంతెన సంగతి చెప్పాను. మడతపడ్డ సీటు సంగతి, తాడు ముళ్ళు చూస్తే నాకెంత భయమో చెప్పాను. ఆమె రొట్టె నమలడం ఆపి విన్నది.

"చెప్పొద్దూ ఆ మాట? మాతో రావడం నీకు విసుగేసిందనుకున్నా. ఆ సీట్లో కూర్చుని ఎంత ఏడ్చానో. దిగాక ఈయన, కంట్లో దుమ్ము పడిందా అని అడిగాడు."

అని నవ్వింది. నేనూ నవ్వాను కానీ నాకు నవ్వు సరిగ్గా రాలేదు. అక్కణ్ణించి నెయ్‌చ్యు దాకా మధ్యలో ఊళ్ళన్నీ ఆగి కోసుకుంటూ పోతే ఆరు రోజులు పడుతుందని, ఆ ఆరు రోజులూ ఎక్కడెక్కడ ఆగాలో, ఏం వండుకోవాలో మేమిద్దరం అప్పుడే మాట్లాడేసుకున్నాం.

మేమింకా ఆన్యాంగ్‌లో కోస్తుండగానే, మూడో రోజు వడగాలి వీచింది. ఆ గాలి రెండు రోజులు వీస్తే పది రోజుల్లో పండేది రెండు రోజుల్లో పండి రాలిపోతుంది. బావ్‌తియన్ కొట్టులో ఫోన్ దగ్గరికి పోయి వాళ్ళ ఊరి ఆఫీసుకి ఫోన్ చేశాడు. వాళ్ళ చేను తెల్లబడుతోందనీ, తల్లి ఒక్కత్తీ చేలో నిలబడి ఎదురుచూస్తోందనీ చెప్పారు. అతను అటునించి అటే లారీ మాట్లాడుకుని వచ్చాడు. రెండు ట్రాక్టర్లకీ చోటుంది, దారే కదా రమ్మన్నాడు. మాది ఇంకా ఉత్తరాన ఉన్న ఊరు. మాకు తొందర లేదు. మధ్యలో ఊళ్ళలో పని బోలెడుంది.

మా ఆయన మళ్ళీ నా వంక చూశాడు. ఈసారి అడగనుకూడా అడగలేదు.

"లారీయే" అన్నాను.

"నిజంగానా వదినా?" అన్నాడు బావ్‌తియన్. గైలియన్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి వేడిగా ఉంది. నాకు అప్పుడు ఒక్కటే తెలుసు, ఆమె పోతుంటే రోడ్డు మీద నిలబడి చూడటం ఇంక నావల్ల కాదని.

కాలవగట్టు మీంచి మా ట్రాక్టరుని ముందు ఎక్కించారు. గైలియన్ వాళ్ళు ముందు దిగాలి కాబట్టి వాళ్ళది తోకవైపు కట్టారు. నేను ప్రతి ముడీ లాగి చూశాను. మొత్తం ఇరవై రెండు ముళ్ళు. డ్రైవరు విసుక్కున్నాడు. మగవాళ్ళిద్దరూ అతని పక్కన కూర్చుని సిగరెట్లు వెలిగించారు. మేము పైకెక్కి ఎవరి ట్రాక్టరు సీట్లో వాళ్ళం కూర్చున్నాం.

రెండు ట్రాక్టర్లూ వెనక్కి తిరిగి ఉన్నాయి. ఆమె నాకు ముందు. నాకు ఆమె జడా, తువ్వాలు కట్టుకున్న తలా కనిపిస్తున్నాయి. ఏదో అనాలని పిలిచాను. గాలి మాటని నోట్లోనించే లాక్కుపోయింది. ఆమె రెండుసార్లు మెడ తిప్పి చూసి ఏదో అరిచింది. నాకు పెదాలు కదలడమే కనిపించింది. గొంతు వినబడలేదు. వెనక్కి తిరిగి కూర్చుంటే బోర్డులు కూడా అవతలివైపునించి వచ్చేవాళ్ళ కోసం రాసినవే కనిపిస్తాయి. అన్నీ మేము వదిలేసి వచ్చిన ఊళ్ళ పేర్లే. చదువుదామంటే సగం అక్షరాలు పట్టుకునేలోపు పోతున్నాయి. మేము ఆగుదామనుకున్న ఊళ్ళు ఎప్పుడు వచ్చాయో ఎప్పుడు పోయాయో తెలియలేదు. ముళ్ళు ఒక్కటీ వదలలేదు. భయపడాల్సింది దేనికో నేను తప్పుగా చూసుకున్నానని నాకు అప్పటికింకా తట్టలేదు.

లారీ ఆగింది. ఎందుకు ఆగిందని లేచి చూస్తే ఇంకో కాలవగట్టు. నెయ్‌చ్యు.

గైలియన్ సీట్లోంచి వెనక్కి తిరిగి నా వంక చూసింది. "అప్పుడే వచ్చేశామా అక్కా?"

రెండున్నర గంటలయింది. ఆరు రోజులు నేను నా నోటితో రెండున్నర గంటలు చేసుకున్నాను. అందులో ఆమెతో మాట్లాడింది ఒక్క మాట కూడా లేదు.

దింపడానికి ఎంతోసేపు పట్టలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, బావ్‌తియన్ గాలి వంక చూసి కంగారుపడుతున్నాడు. గైలియన్ తన మూటలోంచి ఫ్లాస్కు తీసి నా ఒళ్ళో పెట్టింది. దారిలో ఇద్దరం తాగుదామని పొద్దున పెసల జావ కాచిందట. తియ్యడం కుదరలేదంది. మీ ఊరి పేరేంటని అప్పుడైనా అడగాల్సింది. "జాగ్రత్తగా వెళ్ళు" అన్నాను. ఆమె మడ్‌గార్డు ఎక్కి కూర్చుంది. మట్టిరోడ్డు గుంతలుగా ఉంది. మిషను దేనికీ తగలకుండా చూడటానికి ముందుకి వంగి, అటూ ఇటూ చూస్తూ బావ్‌తియన్‌కి చెబుతోంది. వెనక్కి చూడటానికి ఆమెకి వీల్లేకపోయింది. ఆమె ట్రాక్టరు దిగిపోయాక నాకూ రోడ్డుకీ మధ్య అడ్డం లేదు. కనుచూపు మేర అంతా కనిపిస్తూనే ఉంది.

మరుసటేడు మేమూ మా ఊరినించే లారీ ఎక్కాం, అందరూ ఎక్కారు కాబట్టి. ఆ డీజిల్ బంకు దగ్గర కూడా ఆగకుండా నది దాటేశాం. ఆమెని ఆ తర్వాత నేను చూడలేదు. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. పుస్తకాలు చదవగలను, దినపత్రిక కూడా చదువుతాను. నెయ్‌చ్యు జిల్లా అని ఎక్కడ అచ్చయినా ఆ వార్త చివరిదాకా చదువుతాను.

గైలియన్ దిగిపోయిన ఆ రోజు మేము ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. రోడ్డున వస్తే ఎన్నో రోజులకి రావాల్సినవాళ్ళం. ఛున్‌యాన్ గేటు దగ్గర నిలబడి, ఇంత తొందరగా వచ్చారేంటమ్మా అని నన్ను పట్టుకుంది. లోపలికి వచ్చి ఫ్లాస్కు మూత తీశాను. జావ ఇంకా పొగలు కక్కుతోంది. అది గిన్నెలో పోసి పిల్లకిచ్చాను. ఊదుకుంటూ తాగి, ఎవరు కాచారమ్మా, చక్కెర బాగా వేశారు అంది.