హాజరుపట్టీలో లేని పిల్లలు

ఉదయం తొమ్మిదిన్నరకు రెబెక్కా టీచరు హాజరుపట్టీ తెరిచింది. చాపల మీద ఇరవై నలుగురు మగపిల్లలు కూర్చున్నారు. పేరు పిలిచినప్పుడల్లా ఒకడు లేచి "ప్రెజెంట్ టీచర్" అంటున్నాడు. గోడకు దేశపటం ఉంది. నల్లబల్ల మీద తేదీ రాసి ఉంది. కిటికీలోంచి చూసినవాళ్లకు ఇది ఏ ఊళ్లోనైనా ఉండే సర్కారు బడే. కాకపోతే పిల్లలంతా లోపలికి రాగానే తలుపుకు బయటినుంచి గడియ పడుతుంది.

గోదావరి జిల్లాల్లో ఒక పట్నం శివార్న, కాలువ గట్టు పక్కనున్న బాలుర పరిశీలన గృహం అది. నేరం చేశారన్న ఆరోపణ మీద పట్టుబడిన పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని, కేసు తేలేవరకో, బెయిలు దొరికేవరకో అక్కడ ఉంచుతారు. ఆ పట్నం పేరు నేను చెప్పను. అక్కడికి వచ్చిన ఒక పిల్లవాడి కథ ఇది; వాడి అసలు పేరు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. అతన్ని చినబాబు అనుకుందాం. అతని తల్లిదండ్రుల పేర్లూ మార్చాను.

రెబెక్కా ఆ చోటికి కోరి రాలేదు. పాలకొల్లు అవతల ఒక లంక గ్రామంలో పదకొండేళ్లు పనిచేసింది. ఆ బడిలో చివరికి తొమ్మిదిమంది పిల్లలు మిగిలారు. పదోవాడు దొరికితే బడి నిలుస్తుందేమోనని ఆ వేసవంతా ఇల్లిల్లూ తిరిగింది. దొరకలేదు. బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. ఆమెను డెప్యుటేషన్ మీద ఈ గృహానికి పంపారు. ఇక్కడ మూడు టీచరు పోస్టులున్నాయి. లెక్కలకూ ఇంగ్లీషుకూ నాలుగేళ్లుగా ఎవరూ లేరు. ఆ పోస్టుల్లో వేసినవాళ్లు సెలవు పెట్టి మరోచోటికి మార్పించుకున్నారు. తెలుగు చెప్పే రెబెక్కాయే అన్నీ చెప్పాలి.

గేటు దగ్గర ఫోను ఇచ్చేసి లోపలికి వెళ్తే మళ్లీ నాలుగున్నరకే బయటి ప్రపంచం. మధ్యాహ్నం టీచర్ల గదిలో ఒక్కతే క్యారేజీ విప్పుకునేది. పాత బడిలో వంటావిడ సూరమ్మ పక్కన కూర్చుని ఊరి కబుర్లన్నీ చెబుతూ తినేది. ఇక్కడ తన నమలడం తనకే వినిపించేది. ఆదివారం చర్చిలో ఎవరైనా "ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారండి?" అని అడిగితే చెప్పేది. విన్నవాళ్లు "అయ్యో" అని మాట మార్చేవారు.

పిల్లలతో స్నేహం కుదరడమూ కష్టమే. ఈ వారం పేరు పిలిచినవాడు వచ్చే వారానికి ఉండడు. బెయిలు వచ్చి ఒకడు వెళ్తాడు, రాత్రికి రాత్రి ఇంకొకడు వస్తాడు. ఆమె హాజరుపట్టీలో కొట్టివేతలే ఎక్కువ.

చినబాబు దసరా వెళ్లాక వచ్చాడు. ఉప్పాడ మత్స్యకారుల పిల్లవాడు. పదహారేళ్లు, పదో తరగతి. తండ్రి త్రిమూర్తులు గుజరాత్ వైపు బోట్ల మీదకు పనికి వెళ్లాడు. తల్లి నూకరత్నం చేపలమ్ముతుంది. వాళ్ల మొదటి ఇల్లు సముద్రం కోసుకుపోయింది. ఇప్పుడుంటున్న పాక రెండోది. పేటలో ఇద్దరు పెద్ద కుర్రాళ్లు ఒకరి బోటు ఇంజను విప్పి, "కాస్త పట్టరా" అంటే వీడు పట్టాడు. విప్పింది వాళ్లు, మోసింది వీడు. బోటువాళ్లు దొరికితే కొడతామని కాచుకుని కూర్చున్నారు కనుక, ఇప్పుడు వదిలితే పిల్లవాడికే ప్రమాదమని జువెనైల్ బోర్డు అతన్ని గృహంలోనే ఉంచింది.

నెల రోజులు వాడు నోరు విప్పలేదు. ఒకనాడు క్లాసు అయ్యాక అందరూ వరుసలో బయటికి వెళ్తుంటే ఆగి అడిగాడు.

"టీచరండీ, ఇక్కడ మీరు వేసే అటెండెన్సు మా బడికి వెళ్తుందాండి?"

"వెళ్తుంది నాన్నా" అంది రెబెక్కా.

వాడు తేలిగ్గా ఊపిరి తీసుకుని వెళ్లిపోయాడు. ఆమెకు మాత్రం అప్పుడు అనుమానం వచ్చింది. నిజంగా వెళ్తుందా? తను నాలుగు నెలలుగా వేస్తున్న ఈ హాజరు ఎక్కడికి వెళ్తోంది? సూపరింటెండెంటు పల్లంరాజుగారి గదికి వెళ్లి అడిగింది.

ఆయన చెడ్డవాడు కాదు. అలసిపోయిన మనిషి. "ఎక్కడికీ వెళ్లదండి. మన దగ్గరే బీరువాలో ఉంటుంది. ఇది బడిగా ఏ లెక్కలోనూ లేదు కదండి" అన్నాడు.

"మరి వీళ్ల పాత బళ్లలోనో?"

"వాళ్లు పేరు కొట్టేస్తారండి."

ఆ శనివారం రెబెక్కా సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, చినబాబు చదివిన హైస్కూలుకు వెళ్లింది. హెడ్మాస్టరు రాజ్ కుమార్ గారు మర్యాదగా కుర్చీ చూపించాడు. విషయం వినగానే ముఖం బిగుసుకుంది.

"వరసగా రాలేదండి. కబురు లేదు. ఆన్‌లైన్‌లో పేరు తీసి డ్రాప్‌బాక్సులో పెట్టేశాం. బడి మానేసిన వాళ్లందరికీ చేసేదే."

"కబురు లేదంటారేంటండి? పోలీసులు తీసుకెళ్లిన సంగతి ఊరందరికీ తెలుసు కదండి."

ఆయన కాసేపు బల్ల మీది పేపర్ వెయిట్ తిప్పాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "తెలుసండి. తెలిసే కొట్టేశాం. మిగతా పిల్లల తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. పైగా వాడు ఫెయిలైతే మా పర్సంటేజీ పడిపోతుంది."

"వాడు మానేయలేదండి. రానివ్వని చోట ఉన్నాడు."

"మీరన్నది నిజమేనండి. కానీ నా ఇబ్బంది కూడా..."

"సార్, నా బడి పిల్లలు చాలక మూసేశారు. ఒక్కడంటే ఒక్కడు కావాలని గుమ్మం గుమ్మానికీ తిరిగినదాన్ని. మీరు ఉన్నవాణ్ణి చేజేతులా తీసేశారు." అంతవరకే అనగలిగింది.

పబ్లిక్ పరీక్షకు ఆలస్య రుసుముతో పేర్లు పంపడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. రాజ్ కుమార్ వెంటనే సరే అనలేదు. సోమవారం వరకు ఆలోచిస్తానన్నాడు. సోమవారం సాయంత్రం గేటు దగ్గర ఫోను తీసుకునేసరికి ఆయన మెసేజ్ ఉంది. "పేరు మళ్లీ ఎక్కించానండి. సూపరింటెండెంటు గారి లెటరు పంపించండి."

పేరైతే ఎక్కింది. లెక్కలు చెప్పేదెవరు? రెబెక్కా లెక్కల పుస్తకం మూసి ఇరవై ఏళ్లు దాటింది. ఇంటర్ చదువుతున్న కూతురు సారికను కూర్చోబెట్టుకుని, రోజూ పొద్దున్నే టిఫిను వండుతూ త్రికోణమితి నేర్చుకుంది.

"అమ్మా, మళ్లీ సైనూ కాసూ తారుమారు చేశావు."

"ఉండవే, దోసె మాడిపోతోంది."

పొద్దున నేర్చుకున్నది పదింటికి చినబాబుకు చెప్పేది. తప్పు చెబితే మర్నాడు ఒప్పుకుని దిద్దేది. వాడు మొదట ఆశ్చర్యపోయాడు. తప్పు చేశానని పెద్దవాళ్లు తనతో అనడం వాడెప్పుడూ వినలేదు.

జనవరి చివర నూకరత్నం కొడుకును చూడ్డానికి వచ్చింది. వెళ్లేటప్పుడు రెబెక్కా చేయి పట్టుకుంది.

"టీచరుగోరూ, ఈ పరీక్ష రాత్తే మా వోణ్ణి వదిలేత్తారాండీ?"

"లేదమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు."

"మరెందుకండీ ఇంత కట్టం?"

"బయటికొచ్చాక వాడు మొదటి నుంచి మొదలెట్టక్కర్లేకుండా అమ్మా" అంది రెబెక్కా. నూకరత్నం అర్థమైనట్టు తలూపింది. అర్థమైందో లేదో తెలియదు. కొంగుతో ముఖం తుడుచుకుని బస్సు కోసం గబగబా వెళ్లిపోయింది.

మార్చిలో పరీక్షలు. గృహం వ్యానులో, మామూలు బట్టల్లో ఉన్న కానిస్టేబులుతో చినబాబును కేంద్రానికి తీసుకెళ్లేవారు. నలుగురూ చూడకుండా వ్యానును సందు చివరే ఆపమని పల్లంరాజుగారు చెప్పి పంపాడు. దాచినా ఏం లాభం? గేటు దగ్గరున్న వాళ్లందరికీ వాడు తెలుసు. ఒకావిడ తన పిల్లను పక్కకు లాక్కుంది. ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు చూపు తిప్పుకున్నాడు. చినబాబు తల దించుకుని లోపలికి వెళ్లాడు. రెబెక్కా మూడు గంటలూ వ్యానులోనే కూర్చుంది.

తిరిగి వస్తుంటే, వ్యాను సామర్లకోట దాటాక వాడు అన్నాడు.

"ఎవరూ పలకరించలేదండి."

"పోన్లే నాన్నా."

"నా నంబరు మాత్రం బల్ల మీద రాసుందండి. నేనొస్తానని ముందే రాసి పెట్టారండి."

ఆమె కిటికీ వైపు తిరిగింది. రోడ్డు పక్కన వరి చేలు పండి ఉన్నాయి. వాడికి తన కళ్లు కనపడకూడదనుకుంది.

ఏప్రిల్‌లో సముద్రంలో చేపల వేట నిషేధం మొదలయ్యేవేళకు త్రిమూర్తులు గుజరాత్ నుంచి వచ్చాడు. బోటువాళ్ల కాళ్లా వేళ్లా పడి రాజీ చేసుకున్నాడు. బోర్డు బెయిలిచ్చింది. ఆ మధ్యాహ్నం రెబెక్కా గడియ పడిన గదిలో పాఠం చెబుతోంది. గేటు తీసిన చప్పుడు వినపడింది. క్లాసు అయ్యాక కాపలాదారు వీరాస్వామి వచ్చి, "మీ చినబాబు వెళ్లిపోయాడండి. చెప్పమన్నాడండి" అన్నాడు.

"ఏం చెప్పమన్నాడు?"

"అదేనండి. వెళ్తున్నానని."

ఫలితాల రోజున ఆమె గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఫోనులో చూసింది. పాసయ్యాడు. లెక్కల్లో ముప్పై తొమ్మిది. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి అక్కడెవరూ లేరు. కొట్టతనికి చెబితే, "మీ అబ్బాయాండి?" అన్నాడు. కాదనడానికి మనసొప్పక నవ్వి ఊరుకుంది.

చినబాబు పేరు ఎక్కిన దగ్గర్నుంచీ రెబెక్కా అదే పని మిగిలినవాళ్లకూ చేస్తూ వచ్చింది. సెలవు దొరికినప్పుడల్లా జంగారెడ్డిగూడెం మొదలు కోనసీమ దాకా తిరిగి, ఉత్తరాలు రాసి, గృహంలో ఉన్న పిల్లల పేర్లను వాళ్ల వాళ్ల బళ్లలో మళ్లీ ఎక్కించింది. పాఠకులారా, తర్వాత జరిగింది వినండి. ఆమె చేసిన మంచిపనే ఆమె మెడకు చుట్టుకుంది.

జూన్‌లో జిల్లా ఆఫీసులో టీచర్ల సర్దుబాటు పెట్టారు. రెబెక్కాను పిలిచారు. అధికారి కంప్యూటరులో చూసి తేల్చాడు.

"మేడమ్, మీ గృహంలో ఎన్‌రోల్‌మెంట్ సున్నా చూపిస్తోంది. ఇన్నాళ్లూ బడి లేని పిల్లలున్నారని పోస్టులు ఉంచాం, ఇప్పుడు వాళ్లందరి పేర్లూ వేరే బళ్లలో ఉన్నాయి. పిల్లలు లేనిచోట పోస్టు ఎందుకండి? ఆ మూడూ ఎత్తేద్దాం. మిమ్మల్ని మంచి చోటికే వేస్తాం."

మంచి చోటు! ఒక్క క్షణం ఆమెకూ ఆశ పుట్టింది. పక్కన కూర్చుని మాట్లాడే మనుషులు, గడియ లేని తలుపు. ఏడాదిగా ఆమె ప్రార్థనలో అడిగింది అదే. అయినా ఆమె నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"పిల్లలు ఉన్నారండి. నిన్నటికి ఇరవై ఆరుగురు."

"సిస్టమ్‌లో లేరండి."

"సిస్టమ్‌లో లేకపోయినా చాప మీద ఉన్నారండి. పేరు వాళ్ల బడిలో ఉండాలి, పాఠం ఇక్కడ జరగాలి. రెండూ కావాలండి. పేరు నిలబెట్టానని పాఠం తీసేస్తారా?"

వెనక వరుసలోంచి ఒకాయన లేచాడు. తన బడి పనిమీద వచ్చిన రాజ్ కుమార్.

"అయ్యా, ఒక్క మాట. ఈ మేడమ్‌గారు మళ్లీ బడిలో ఎక్కించిన పిల్లల్లో మొదటివాడి పేరు కొట్టేసింది నేనేనండి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్ని పేర్లు కొట్టేశానో గుర్తు లేదు. ఎర్ర సిరాతో ఒక గీత, అంతే. కోర్టు ఇంకా వాణ్ణి దోషి అనలేదండి. నేను అనేశాను. ఈవిడ లెక్కలు రాని మనిషై ఉండి, కూతురి దగ్గర నేర్చుకుని వాడికి చెప్పి పాస్ చేయించారు. మా బడిలో ఇద్దరు లెక్కల మేస్టార్లున్నారు. వాళ్లలో ఒకర్ని వారానికి రెండు రోజులు అక్కడికి పంపుతాను, మీరు ఆర్డరిస్తే. ఆ పోస్టులు మాత్రం తీయకండి. అక్కడికి వెళ్లేవాళ్లు లేక ఖాళీగా ఉన్నాయండి, అక్కరలేక కాదు."

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఫైలు మీద ఏదో రాశాడు. ఆ ఏడాదికి పోస్టులు ఉంటాయని, లెక్కల మేస్టారును సర్దుతామని చెప్పాడు. ఇంగ్లీషు పోస్టు ఖాళీగానే మిగిలింది. పెద్ద విజయమేమీ కాదు. రెబెక్కా నమస్కారం పెట్టి, వచ్చిన దారినే ఒంటరిగా బస్సెక్కింది.

మర్నాడు ఆ గదిలోకి కొత్తగా ఒక పిల్లవాడు వచ్చాడు. పేరడిగితే పలకలేదు. ఆమె తొందరపెట్టలేదు. పక్కన కూర్చుని, "నువ్వు ఏ బడి నాన్నా? ఎన్నో తరగతి?" అని నెమ్మదిగా అడిగింది. వాడు తలెత్తి చూశాడు. ఏం చేశావని కాకుండా ఏం చదువుతున్నావని వాణ్ణి అడిగిన మొదటి మనిషి ఆమే.

తప్పు చేశాడో లేదో న్యాయస్థానం నిదానంగా తేల్చనీయండి. ఈలోగా ఆ పిల్లవాడి పేరు బడిలో ఉంచడం, వాడి ఎదుట ఒక టీచరును నిలబెట్టడం వాడి మీద మనం చూపించే దయ కాదు, వాడికి మనం తప్పనిసరిగా ఇవ్వవలసిన హక్కు.