ప్రేమదాసు వెయ్యని ముడి

మిషన్ బావిలో మునిగి చచ్చినవాడు ఇరవై రెండేళ్లలో ఒక్కడూ లేడు. ఈ మాట ప్రేమదాసు అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. గొప్ప కోసం కాదనేవాడు గానీ గొప్ప కోసమే. గొప్పగా చెప్పుకోవడానికి ఆయనకు ఇంకేమున్నది కనుక?

మొయినాబాదుకు రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో, కరువు కాలంలో పాదిరి దొర ఆ బావి తవ్వించాడు. తవ్వింది ప్రేమదాసు తండ్రీ, ఊరి బయట వాడలో ఉండే వాళ్ల మనుషులూ. మిషన్ తోటకు నీళ్లు పెట్టడానికని తవ్వితే, దొర వెళ్లిపోయాడు, తోట ఎండిపోయింది, ముప్పై రెండు మెట్లతో బావి ఒక్కటే మిగిలింది. ఎండలు ముదిరితే చాలు, చుట్టుపక్కల పిల్లలందరికీ అదే ఈతబావి. వాడ పిల్లలు వచ్చేవాళ్లు, ఊరి పిల్లలు వచ్చేవాళ్లు, ఎంకపల్లి నుంచి సైకిళ్ల మీద ముగ్గురేసి వచ్చేవాళ్లు. వాళ్ల వీపులకు బెండు కట్టి, నీళ్లలో పొట్ట కింద చెయ్యి పెట్టి, కాళ్లు ఆడించమని తిట్టి తిట్టి ఈత నేర్పేది ప్రేమదాసు.

బెండంటే ఎండిన కిత్తనార కాడ. చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు, నీళ్లలో మాత్రం మనిషిని మోస్తుంది. అయితే మోసేది బెండు కాదు, దాన్ని కట్టిన ముడి అని ప్రేమదాసు అనేవాడు. ఆ ముడి ఆయనకు తండ్రి ఇచ్చిన ఆస్తి. తండ్రి మోటబావులకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. నీళ్లలో తడిసేకొద్దీ బిగిసే ముడి అది, విప్పాలంటే పళ్లతో పీకవలసిందే. తోలు ముట్టిన చేతులని ఊరు ఆ కుటుంబాన్ని దూరం పెట్టింది. ఆ తోలు పనిలో పుట్టిన ముడికే తన పిల్లల ప్రాణాలు అప్పజెప్పింది.

అంటు సంగతిలో ఊరు తనకు వీలైన తీర్పే చెప్పుకున్నది. నీళ్లలో అంటు లేదు, గట్టు మీద ఉన్నది. నీళ్లలో ప్రేమదాసు ఏ పిల్లవాడి పొట్ట పట్టుకున్నా తప్పు లేదు. గట్టు మీద ముడి వేసేటప్పుడు మాత్రం తల్లులు అటు తిరిగి చింతచెట్టులో కాయలు లెక్కపెట్టేవాళ్లు. చూడనిది జరగనట్టే కదా! బావిలో ఉన్నంతసేపు పిల్లలు ఆయనను గురువు అనేవాళ్లు. మెట్లెక్కి బట్టలు తొడుక్కోగానే ప్రేమదాసుగాడయ్యేవాడు. ఏడాదికి మూడు నెలలు వినబడే ఆ పిలుపు కోసం మిగతా తొమ్మిది నెలలు ఆయన ఓపికపట్టేవాడు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని లేచిన గొడవలో బడులూ కాలేజీలూ మూతపడ్డాయి. సర్పంచి చెన్నయ్య కొడుకు అంజిలయ్య పట్నంలో పీయూసీ చదువుతుండేవాడు, క్లాసులు లేక ఇంటికి చేరాడు. మొయినాబాదులో మాట్లాడాడు, చేవెళ్ల ఊరేగింపులో మాట్లాడాడు, మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోగొట్టుకున్నాడు. మనమంతా ఒక్క తల్లి బిడ్డలం, మనలో మనకు ఎక్కువ తక్కువలు లేవు అని వాడు చెప్తుంటే జనం చప్పట్లు కొట్టారు. గుంపులో వెనక నిలబడి ప్రేమదాసు కూడా కొట్టాడు.

అంతటి నాయకుడికి పద్దెనిమిదేళ్లొచ్చినా ఈత రాదు. ఒక్కగానొక్క మనుమడని నాయనమ్మ సుక్కమ్మ బావి గట్టు తొక్కనివ్వలేదు. తోటి విద్యార్థులు ఎగతాళి చేసేసరికి వాడు మొండికేశాడు. చివరికి సుక్కమ్మ ఒప్పుకున్నది, ఒక షరతు మీద. బెండు ఇంట్లోనే తాను కట్టి పంపుతుంది, అక్కడ ఎవరితోనూ ముట్టించుకోకూడదు.

మే నెల ఎండలో అంజిలయ్య వీపున బెండ్లతో మెట్లు దిగి వచ్చాడు. ప్రేమదాసు చూపు ముందు ముడి మీదికే పోయింది. అది దూముడి. దూడను గుంజకు కట్టే ముడి. కొస పట్టి ఒక్క గుంజు గుంజితే ఊడివస్తుంది, పశువులకు అందుకే వేస్తారు. జీవితమంతా కొట్టంలో గడిపిన సుక్కమ్మకు వచ్చిన ముడి అదొక్కటే.

“ఆ ముడి ఆగది. జర ఇటు రా, మల్ల కడత,” అన్నాడు ప్రేమదాసు, చెయ్యి చాపి.

అంజిలయ్య వెనక్కి జరిగాడు. ఎంతో కాదు, అర అడుగు. తన అవ్వ గట్టిగానే కట్టిందని, ఉండనిమ్మని నవ్వుతూ చెప్పాడు. పదిమంది పిల్లలు చూస్తున్నారు. చాచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక ప్రేమదాసు నెత్తి గోక్కున్నాడు. ఇంకొక్కసారి చెప్పి ఉండవలసింది. దిగనియ్యనని అడ్డంగా నిలబడి ఉండవలసింది. కానీ ఆయనకు రోషం వచ్చింది. నోరు మూసుకున్నాడు.

అంజిలయ్య దూకాడు. బెండ్లు తేలాయి, మనిషి తేలలేదు.

ప్రేమదాసు మూడుసార్లు మునిగాడు. మూడోసారికి జుట్టు చేతికి దొరికింది. మెట్టు మీద బోర్లా వేసి వీపు మీద మోకాలు ఆనించి ఒత్తితే, కడుపులోని నీళ్లన్నీ కక్కి, దగ్గి, ఏడ్చాడు నాయకుడు. ప్రాణం గట్టెక్కింది. కానీ వార్త మెట్లెక్కి ఊళ్లోకి పోయేసరికి దాని రూపు మారిపోయింది. సర్పంచి కొడుకును ప్రేమదాసు ముంచబోయాడట! ముడి ఎవరు వేశారని చెన్నయ్య కొడుకును అడిగాడు. జ్వరం పేరు చెప్పి వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజున పంచాయతీ అన్నారు. ఆ పొద్దున్నే సుక్కమ్మ వాడకు వచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఆ వైపు రాని మనిషి, ప్రేమదాసు గుడిసె ముందు ఎండలో నిలబడ్డది.

“ముడి నువ్వే ఏసినవని చెప్పు బిడ్డా,” అన్నది. “నేనేసిన్నంటే ఎందుకేసిన్నని అడుగుతరు. అందరం ఒక్కటని ఊరూర తిరిగి చెప్పెటోడు, వాని మొఖం ఏం గావాలె? నీకేం గాదు. బాయిని ఎవ్వలు ముట్టరు, నా కొడుకుకు నేను చెప్త.”

బిడ్డా అన్నది. యాభై ఏళ్లలో ఆ ఇంటి మనిషి ఎవరూ ఆయనను అట్లా పిలవలేదు. ఆ ఒక్క పిలుపుకు ప్రేమదాసు మెత్తబడిపోయాడు. పైగా లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉన్నది. ఊడుతుందని తెలిసి కూడా తాను ఊరుకున్నాడు కదా! సరేనన్నాడు.

ఆయన భార్య సరోజమ్మ లోపల బియ్యం ఏరుతూ అంతా విన్నది. సుక్కమ్మ సందు దాటేదాకా ఆగి, చేట కింద పెట్టింది.

“చెయ్యని తప్పు నెత్తినేసుకున్నోన్ని ఏసుప్రభువునొక్కన్నే ఎరుగుదు,” అన్నది. “ఆయన మూడో దినాన లేసిండు. నువ్వు లేస్తవా?”

ప్రేమదాసు ఉతికిన అంగీ తొడుక్కొని బయలుదేరాడు.

పంచాయతీ మూతపడిన బడి వరండాలో కూర్చున్నది. పైనుంచి ఒక ఆఫీసరు, ఇద్దరు పోలీసులు వచ్చారు. విద్యార్థులు గుంపుగా చేరే చోటు ఒకటి తగ్గితే వాళ్లకూ నిమ్మళమే. ముడి ఎవరిదని చెన్నయ్య అడిగాడు. నాదేనన్నాడు ప్రేమదాసు. అని, ఆడవాళ్ల వరసలో కూర్చున్న సుక్కమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేల చూస్తున్నది. ఇంకొంచెంసేపు చూశాడు. ఆమెకు నేల మీద ఏదో బాగా అవసరమైనదే కనబడుతున్నట్టున్నది.

బావి మూసెయ్యాలని ఆఫీసరు అన్నాడు, చెన్నయ్య తల ఊపాడు. తీర్మానం రాయడానికి పంచాయతీ గుమాస్తా లేడు, సమ్మెలో ఉన్నాడు. అందుకని రాసే పని అంజిలయ్య మీద పడింది. వాడి దస్తూరి ముత్యాల్లాగా ఉంటుంది. ‘ప్రేమదాసు అనునతడు వేసిన ముడి ఊడుటచే ప్రాణాపాయము సంభవించినందున, ప్రజల క్షేమము నిమిత్తము మిషన్ బావిని పూడ్చివేయుటకు తీర్మానించడమైనది.’ ముడి అన్న మాట దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్లీ నడిచింది.

ప్రేమదాసు మిషన్ బడిలో చదువుకున్నవాడు, ఆ కాగితం చదవగలడు. అదే ఆయన చేసుకున్న పాపం. చదువు రానివాడైతే వేలిముద్ర వేసి, అందులో ఏమున్నదో తెలియదనుకునేవాడు. అక్షరం అక్షరం చదివి, అన్న మాట వెనక్కి తీసుకోవడం చేతగాక సంతకం పెట్టాడు.

మిషన్ ప్రహరీ కూలగొట్టి ఆ రాళ్లతోనే బావి పూడ్చారు. ఎడ్లబండ్లు సర్పంచివి, మనుషులు వాడవాళ్లు. తండ్రులు తవ్విన బావిని కొడుకులు కూలికి పూడ్చారు. ప్రేమదాసు ఆ వారమంతా గుడిసె దాటలేదు. చూరులో దాచిన బెండ్లను సరోజమ్మ ఒక్కొక్కటే తీసి పొయ్యిలో పెట్టింది. వద్దనలేదు ఆయన. ఊరు మళ్లీ ఆయనను పన్నెండు నెలలూ ప్రేమదాసుగాడని పిలవడం మొదలుపెట్టింది.

మరుసటి ఎండాకాలానికి కాలేజీలు తెరిచారు, ఊరేగింపులు తగ్గాయి. కాని ఎండ ఎండే, పిల్లలు పిల్లలే. ఈతకు ఇప్పుడు సర్పంచి పొలంలోని మోటారు బావికి పోతున్నారు. దానికి మెట్లు లేవు, నిలువు బావి, మోటారు పైపు పట్టుకొని పైకెక్కాలి. అక్కడ ప్రజల క్షేమం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఒకరోజు సుక్కమ్మ జీతగాడితో కబురు పంపింది. ప్రేమదాసు పోయేసరికి ఆమె బావి గట్టున రెండు కొత్త బెండ్లు, ఒక తాడు పెట్టుకొని నిలబడి ఉన్నది. పక్కన అంజిలయ్య, ఒంటి మీద అంగీ లేకుండా.

“ఈసారి నువ్వే కట్టాలె బిడ్డా,” అన్నది సుక్కమ్మ. “ముట్టుకున్నా ఏం గాదు. పానం కన్న ఎక్కువనా?”

అంజిలయ్య వీపు తిప్పి నిలబడ్డాడు. ఈసారి అర అడుగు దగ్గరికే జరిగాడు. ఇరవై రెండేళ్ల అలవాటు, ప్రేమదాసు చెయ్యి దానంతట అదే తాడు మీదికి పోయింది. తాడు కొసను వేలికి ఒక చుట్టు చుట్టాడు కూడా. అక్కడ ఆగాడు. చుట్టు విప్పి, తాడును సుక్కమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు.

“నా ముడి ఊడుతదని కాయితం మీద ఉన్నది అవ్వా. మీ పిలగాడే రాసిండు, సంతకం నాది,” అన్నాడు. అంజిలయ్య వైపు తిరిగి, “నువ్వు గట్టు మీదనే కూసో అయ్యా,” అన్నాడు.

ప్రేమదాసు చేను గట్టు పట్టుకొని నడిచాడు. కోపం ముందుకు తోస్తున్నా, చెవులు మాత్రం వెనకే ఉండిపోయాయి. నీళ్ల చప్పుడు వినబడుతుందేమోనని, రోడ్డెక్కేదాకా ఆయన గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.