ఉప్పు చేలో తెల్లవేరు

నేను ఒక వరి వేరును. కంకి తూగితే మురిసేవాళ్ళు, ధాన్యం రాశికి దండం పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ నా మొహం చూసినవాళ్ళు అరుదు. మట్టిలో ఉండేదానికి మొహమేమిటి అంటారేమో.

మా ఊరు సముద్రానికి దగ్గర. నన్ను నాటిన తిరుపతమ్మ పొలానికి మూడువైపులా రొయ్యల చెరువులే. వాటి ఉప్పునీరు గట్టు కిందుగా మా మట్టిలోకి ఊరుతుంది. మనుషులు గట్టు వేసి ఇది నీది, అది నాది అనుకుంటారు. ఉప్పుకి ఆ సంగతి తెలియదు. భర్త పోయాక ఆమెకు తిండిగింజలు పెడుతున్నది ఈ చేనొక్కటే. ఈ పంట కూడా పోతే దీన్నీ చెరువుకి ఇచ్చేస్తానని ఆమె ముందే చెప్పింది. చెరువు తవ్విన నేలలో మళ్ళీ వరి పండడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

నారుమడి నుంచి వచ్చి ఇక్కడ దిగగానే నాకు దాహం వేసింది. చుట్టూ నీళ్ళే, కానీ ఆ ఉప్పునీళ్ళు నా లోపలి తడినే లాగేసేవి. ఉప్పు ఎక్కువున్న వైపు వదిలి పక్కకి తిరిగి పెరిగాను. లోపలి గోడలకి మైనంలాంటి పూత పూసుకుని, నీటిని రానిచ్చి ఉప్పుని గడపలోనే ఆపాను. అయినా దాటివచ్చిన కాస్త ఉప్పుని ముసలి ఆకులు తమలో దాచుకుని ఎండిపోయాయి. వాటి వల్లే చిగురు బతికింది. ఆ ఆకులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

అంతలో తిరుపతమ్మ మరిది సాంబయ్య చేలో నీళ్ళు తీసేశాడు. పిలక వేసే వేళకి చేను ఆరగట్టడం తాతలనాటి పద్ధతి. అలా చేస్తే వేరు లోతుకి దిగుతుందంటారు. మంచి నేలలో అది నిజమే. మా నేలలో మాత్రం ఎండ కాయగానే అడుగున అణిగివున్న ఉప్పు తడితోపాటు పైకి పాకింది. మట్టిమీద తెల్లటి పొర కట్టింది, ఆకుల కొసలు మాడిపోయాయి. పాపం, అతను మా మేలు కోరే చేశాడు.

"ఇంక లాభం లేదొదినా. రేపు తవ్వడానికి పొక్లెయిన్ పంపమని చెరువోళ్ళకి చెప్పేస్తా" అన్నాడు సాంబయ్య.

తిరుపతమ్మ చేలోకి దిగి ఒక దుబ్బు పట్టుకుని పీకింది. అది మా దుబ్బే. చచ్చిన పైరుకి వేరు నల్లబడుతుందని ఆమెకు తెలుసు. కాలవలో కడిగి, వెలుగుకి ఎత్తి చూసింది. నన్ను ఒక మనిషి అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

"ఇదుగో సూడు సాంబయ్యా! పైన మాడింది గానీ యేరు తెల్లగానే ఉంది. కొత్త పిల్లయేర్లు కూడా ఏసింది. ఇది ఇంత పోరాడతంటే మనం పూడ్చిపెడతామా? ఆ మిషనొద్దని సెప్పు. ఎల్లి కాలవ నీళ్ళు కట్టు, ఇంకెప్పుడూ ఆరనీమాక" అంది.

నన్ను గట్టుమీద పడేసి తూము దగ్గరికి పరుగెత్తింది. తిరిగి నాటాలని ఆ సంబరంలో ఆమెకు తోచలేదు. ఎండకి నా సన్నటి నూగు ముడుచుకుపోతోంది. బాధ లేదంటే అబద్ధం. తూములోంచి మంచినీళ్ళు చేలోకి దూకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నావాళ్ళు తాగుతున్నారు.