పన్నెండు గౌన్ల కొలతలు

ట్యాబ్లెట్‌లో చోటు నిండిపోయిందని కొత్త కోడలే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకున్నా బాగుండేది. పెళ్లయి ఏడు వారాలు. ఆ ఇంట్లో చెంచాలు కూడా ముద్దొచ్చే రోజులు. అత్తగారి దారపు ఉండలను రంగుల వరసలో పేర్చింది, గుండీల డబ్బాలకు చీటీలు అంటించింది, ఆ ఊపులోనే ట్యాబ్లెట్ మీద పడింది. పెళ్లి ఫొటోలు నాలుగు వందల పన్నెండూ అందులో ఎక్కించి అత్తగారి చేతిలో పెట్టాలని ఆమె ఉబలాటం.

తెరిచి చూస్తే అన్నీ పనికిమాలిన ఫొటోలే. సగం చెయ్యి, మెడ అంచు, ముడతలు పడ్డ నడుము, వాటి మీద అడ్డంగా పసుపుపచ్చ టేపు. పెద్దావిడ కదా, వేలు తగిలి వాటంతటవే పడ్డాయనుకుంది. మూడు వందల చిల్లర తీసేసింది. తీసేసినవి చెత్తబుట్టలో మాత్రం ఎందుకని దాన్నీ ఖాళీ చేసింది. అప్పుడు పెళ్లి ఫొటోలు హాయిగా పట్టాయి.

పన్నెండింటికి భర్త ఫోన్ చేశాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఏ లిఫ్టు నెత్తిన కూర్చున్నాడో గానీ మాట గొట్టంలోంచి వస్తున్నట్టుంది. ఆమె తన ఘనకార్యం చెప్పుకుంది.

"టేపు ఉన్న ఫొటోలా?"

"అవే. ఒక్కటీ సరిగ్గా పడలేదు పాపం."

"అవి అమ్మ తీసుకున్న కొలతలే, తల్లీ."

అత్తగారు కొలతలు రాసుకోదట. ఆదికని ఎవరైనా ఇచ్చిన పాత బట్టను బల్ల మీద పరిచి, టేపు పెట్టి, ఫొటో తీసుకుని, బట్ట ఆ రోజే తిరిగిచ్చేస్తుందట. జిప్పులు మార్చడం, అంచులు మడవడం తప్ప వేరే పని దొరక్క ఎనిమిదేళ్లు గడిపాక, ఇప్పుడు ఒక పాటల బృందంలోని పన్నెండు మంది ఆడవాళ్లకు పొడుగు గౌన్లు కుట్టే పని వచ్చింది. ఆ పన్నెండు మందీ ఊళ్లు తిరుగుతూ పాడుతున్నారు. మళ్లీ కొలతలకు దొరకరు, ఇక తిన్నగా వేదిక దగ్గరికే వస్తారు. అత్తగారు లైనింగు గుడ్డ కొనడానికి వెళ్లింది. నాలుగింటికి వచ్చి కత్తెర పట్టాలి.

అమ్మకు తాను చెప్పనా అని భర్త అడిగాడు. వద్దంది. ఎలాగో తనకే తెలియకపోయినా, తను చూసుకుంటానంది. చెప్పుల్లో కాళ్లు దూర్చి, ట్యాబ్లెట్‌ను గుండెకు హత్తుకుని వీధిలో పడింది.

రిపేరు షాపు నడిపేది ఒక నడివయసు ఆవిడ. నుదుటి మీదికి భూతద్దం ఎత్తి పెట్టుకుని ఉంది. కథంతా విని, ఒక్క ప్రశ్న అడిగింది.

"తీసేశాక దీంట్లో కొత్తగా ఏమైనా ఎక్కించావా అమ్మా?"

"పెళ్లి ఫొటోలు."

"ఎవరి పెళ్లి?"

"మాదే అక్కా. నాలుగు వందల పన్నెండు."

ఆవిడ భూతద్దం కళ్ల మీదికి దించుకుని మరీ ఆమెను చూసింది. "పాతవాళ్ల సామాను ఇంకా గదిలోనే ఉంది. అంతలోనే పెళ్లివారిని దించేశావన్నమాట."

తీసేసినంత మాత్రాన ఫొటో పోదని, దాని చోటు ఖాళీ అని యంత్రం రాసుకుంటుందంతేనని, ఆ చోటులో కొత్తది కూర్చుంటేనే పాతది నిజంగా పోతుందని ఆవిడ చెప్పింది. ఫొటోలన్నీ లోపలి మెమొరీ కార్డులో ఉండటం అదృష్టమంది. కార్డు ఊడదీసి కంప్యూటరుకు తగిలించింది. తెర మీద ఒక ఆకుపచ్చ గీత మొదలైంది. రెండు శాతం.

ఆమె కూర్చుంది. లేచింది. గోడకున్న ఛార్జర్లు లెక్కపెట్టింది, ముప్పై ఒకటి. గుమ్మం దాకా వెళ్లి బస్సు ఏమైనా వస్తోందా అని చూసింది, అత్తగారు ఆ దారిన రాదని తెలిసి కూడా. వెనక్కి వచ్చేసరికి పదకొండు శాతం. భర్త నుంచి మూడు సందేశాలు వచ్చాయి, ఒక్కదానికీ జవాబివ్వలేదు. ట్యాబ్లెట్ కింద పడిందని చెబితే? నీళ్లు పడ్డాయంటే? దానంతటదే పోయిందంటే? చివరిది అన్నిటికన్నా సుళువుగా ఉంది, నాలుక చివరే కాచుకుని కూర్చుంది. పొద్దున్న కాఫీ కప్పు అందిస్తూ, "నువ్వొచ్చాక ఈ ఇంట్లో ఏ వస్తువునీ వెతుక్కోనక్కర్లేకుండా పోయింది" అన్న అత్తగారికి ఆ అబద్ధం చెప్పాలి. మళ్లీ లేచింది.

"నువ్వలా తిరిగితే అదేం తొందరపడదమ్మా," అంది షాపావిడ.

రెండున్నరకు మొదటి ఫొటో తేలింది. సగం చెయ్యి, పసుపుపచ్చ టేపు. అంత అందమైన సగం చెయ్యిని ఆమె ఎన్నడూ చూడలేదు. పదకొండు గౌన్ల కొలతలు వరసగా వచ్చాయి. పన్నెండోది బృందంలో అందరికన్నా పొడుగావిడది. ఆ ఫొటోలన్నిటా పైన వేలెడు గుడ్డ, కింద వట్టి బూడిదరంగు. పెళ్లివారు అక్కడ కూర్చున్నారు.

తర్వాత ఇంకేవో వచ్చాయి. డాక్టరు కోటులో అత్తగారు. విమానంలో పనిచేసే అమ్మాయి జాకెట్టులో అత్తగారు. ఎవరిదో జరీ గౌనులో, అద్దం ముందు, గడ్డం పైకెత్తి, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని అత్తగారు.

షాపావిడ మర్యాదగా తెర పక్కకు తిప్పేసింది. ఇవి అత్తగారు ఎప్పుడో తనే తీసేసుకున్నవై ఉంటాయంది. ఎవరు తీసేశారో యంత్రానికి తెలియదు, దొరికినదంతా తెచ్చి కుమ్మరిస్తుంది. ఉంచనా, తీసెయ్యనా అని అడిగింది.

తీసెయ్యమనబోయింది. కానీ ఇంకొకరి ఫొటోల్లో ఏది ఉండాలో ఏది పోవాలో పొద్దున్నే ఒకసారి తేల్చింది. అది చాలు.

"అన్నీ ఉంచండి," అంది.

ఇంటికి చేరేసరికి అత్తగారు ముందే వచ్చేసి, నల్లగుడ్డ బల్ల మీద పరిచి, ట్యాబ్లెట్ కోసం దిండ్ల కింద వెతుకుతోంది. కోడలు చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, మొదటినుంచీ చివరిదాకా చెప్పేసింది. కాచుకుని కూర్చున్న అబద్ధానికి సందు దొరకలేదు.

అత్తగారు కూర్చుని ఫొటోలు జరపసాగింది. పదకొండు వరకు తల ఊపింది. బూడిదరంగు దగ్గర పెదవి బిగించింది. ఆ తర్వాత ఆమె వేలు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవి చూశావా?"

"చూశాను అత్తయ్యా."

"బట్ట ఎలా కూర్చుందో చూద్దామని వేసుకున్నాను..." అని మొదలుపెట్టి, వదిలేసింది. "వేసుకోవాలనిపించింది. వేసుకున్నాను. అంతే."

"చాలా బాగున్నారు."

"బాగున్నానని నాకు తెలుసులే."

ఇంకో నాలుగు ఫొటోలు జరిపి, చటుక్కున వెనక్కి వచ్చింది. ఒకదాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసింది. అందులో ఆమె వేసుకున్నది ఆ పొడుగావిడ ఆది గౌనే. భుజం కుట్టు తన భుజం దాటి బొటనవేలెడు జారింది. నడుము సరిగ్గా పట్టేసింది. కింద అంచు నేల మీద బెత్తెడు మేర కుప్పగా పడింది.

అత్తగారు లేచి అద్దం ముందుకు వెళ్లింది. ఫొటోలో ఉన్నట్టే నిలబడి, గడ్డం పైకెత్తింది.

"టేపు తే. ముందు నా భుజం కొలువు, దానికి ఈ జారుడు కలుపుదాం. ఫొటో చూస్తూ చెప్పు, తిన్నగా నిలబడ్డానా?"

"చెయ్యి నడుము మీద ఉండాలి అత్తయ్యా."

"అది అక్కర్లేదు," అంది అత్తగారు. కాసేపాగి చెయ్యి నడుము మీద పెట్టుకుంది.

కోడలు మోకాళ్ల మీద కూర్చుని పాదం దాకా టేపు లాగింది. ఒకసారి చాలదని మళ్లీ కొలిచింది. మూడోసారి కొలవబోతుంటే అత్తగారు సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, బల్ల మీది నల్లగుడ్డ చూపించి, గీత నువ్వే గియ్యి అంది.